ఆయిలు కారేది ఒకచోట, కనబడేది ఒకచోట

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. కథలూ కవితలూ రాసేవాళ్లకు మన హాస్టల్లో ఎప్పుడూ కొదవ లేదు. మేము పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివి, అనంతపురంలో షెడ్డు పెట్టుకున్న పాత విద్యార్థులం. మాకు తెలిసింది ఇంజన్లు విప్పడం, బిగించడం. అందుకని మా దగ్గరకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు గురించే రాస్తున్నాం. పాత డీజిల్ ఆటో ఇంజను ఆయిలు కారడం. మీలో కొందరి నాన్నో, మామో, చిన్నాన్నో ఆటో నడుపుతూ ఉంటారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు పనికొస్తుంది.

మన పల్లె రోడ్ల మీద మనుషుల్నీ, టమాటా బుట్టల్నీ, శనక్కాయ మూటల్నీ మోసినవి ఆపే డీజిల్ ఆటోలే. పియాజియో కంపెనీ మన దేశంలో 1999లో మొదలుపెట్టిన బండి ఇది. పాతవాటిలో గ్రీవ్స్ కంపెనీ చేసిన ఒకే సిలిండరు ఇంజను, 435 సీసీది, ఉంటుంది. దీనికి రేడియేటరు లేదు. ఫ్లైవీలుకు ఉన్న రెక్కలే ఫ్యానులా తిరిగి, సిలిండరు చుట్టూ ఉన్న ఫిన్నుల మధ్యకు గాలి కొడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మన సీమలో, బోరు దగ్గర బిందెలు వరుస పెట్టే ఊళ్లలో, నీళ్లు అడగని ఇంజను ఎంత మేలో వేరే చెప్పాలా? గాలితో చల్లబడే ఇంజను పెట్టుకుని ప్రపంచమంతా తిరిగిన కారు ఒకటుంది, జర్మనీవాళ్ల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. 2003 జులైలో మెక్సికోలో చివరి బండి తయారయ్యేలోపు 2 కోట్ల 15 లక్షలకు పైగా చేశారు. ఆ కార్లు నిలిపినచోట కూడా కింద ఆయిలు మరక మామూలే. మన పాత బుల్లెట్ సంగతి సరేసరి.

నీళ్లు లేకపోయేసరికి ఇంజను వేడిలో కొంత భారం ఆయిలు మీద పడుతుంది. పైగా హెడ్డు అల్యూమినియం, సిలిండరు ఇనుము. పదో తరగతిలో వ్యాకోచం పాఠం గుర్తుందా? వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. రోజుకు పదిసార్లు వేడెక్కి చల్లారే ఇంజన్లో ఆ రెండిటి మధ్య నలిగేది ప్యాకింగు.

“పాత బండి గదప్పా, రెండు చుక్కలు కారుతుంది, పోసుకుంటే పోలేదా” అంటారు డ్రైవర్లు. తడి ప్రాంతంలో అయితే ఏమో గానీ, ఇక్కడ ఆ మాట చెల్లదు. ఆషాఢం గాలికి లేచే దుమ్ము, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు అయితే హగరి ఇసుక, ఆ ఆయిలు తడికి అంటుకుంటుంది. ఫిన్నుల మధ్య సందులు మట్టి గోడ మెత్తినట్టు మూసుకుపోతాయి. గాలి ఆడక ఇంజను ఇంకా వేడెక్కుతుంది. మామూలు నల్ల నైట్రిల్ రబ్బరు సీళ్లు ఎక్కువకాలం 100 డిగ్రీలు దాటి ఉంటే గట్టిపడి పగులుతాయి. అప్పుడు ఇంకా కారుతుంది, ఇంకా మట్టి పడుతుంది. చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఫైనాన్సులో తీసుకున్న బండి షెడ్డులో నెల రోజులు నిలబడితే ఆ ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. కాబట్టి ఇది మరక కడుక్కునే సమస్యగా చూడొద్దు.

ముందు విప్పకండి, కడగండి. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిలు, బ్రష్షు, పుల్లతో ఫిన్నుల సందులు శుభ్రం చేసి గుడ్డతో తుడవాలి. పెట్రోలుతో కడగొద్దు, మన ఎండల్లో అది నిప్పుతో ఆట. ఆరాక అనుమానం ఉన్న జాయింట్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. (ముగ్గుపిండి చల్లినవాళ్లనూ చూశాం. అది రాతిపొడి, లోపలికి పోతే బేరింగులు అరుగుతాయి.) పదిహేను నిమిషాలు నడిపి, ఆపి, టార్చి లైటు వేసి చూస్తే పౌడరు మీద నల్లగా గీత కనబడుతుంది. కింద చుక్క పడేచోటును నమ్మొద్దు. ఆయిలు పైనుంచి కిందికి, గాలి తోసినవైపుకు పాకుతుంది. తడి ఉన్న అన్నిటికన్నా ఎత్తయిన చోటే అసలు మూలం. ఫ్లైవీలు వైపు సీలు కారితే మరీ మోసం. ఆ ఆయిలును ఫ్యాను రెక్కలే ఇంజను మొత్తానికి చిమ్ముతాయి. చూసినవాడు హెడ్డు ప్యాకింగు పోయిందనుకుంటాడు.

మూలం తెలిసినా సీలు కొనడానికి అప్పుడే అంగడికి పోవద్దు. ఇంజను ఊపిరి తీసుకుంటోందా లేదా చూడాలి. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న గాలి 435 సీసీ మేర నొక్కుకుంటుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 50 సార్లు. ఆ గాలిని బయటికి వదిలి, తిరిగి లోపలికి రానివ్వకుండా ఆపేది బ్రీదర్ వాల్వు, దాని పైపు. అవి మూసుకుంటే లోపలి ఒత్తిడి ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిలును తోస్తుంది. కొత్త సీలు వేసినా అంతే.

ఒక ఆటో ఇలాగే వచ్చింది. అప్పటికే వేరేచోట రెండుసార్లు సీళ్లు మార్చారు, ప్రతిసారీ నెల తిరక్కుండానే మళ్లీ కారింది. కళ్యాణదుర్గం రోడ్డులో తిరిగే బండి, నడిపే అన్నకు ఆ రోజు బాడుగ పోతే ఆ రోజు కూలి పోయినట్టే. ఇంజను విప్పకుండా బ్రీదర్ పైపు చూశాం. రబ్బరు పైపు చీలిపోతే ఆయన తోటలో మిగిలిన డ్రిప్పు పైపు ముక్క తగిలించుకున్నాడు. ఉపాయం మంచిదే, మన సీమలో డ్రిప్పు పైపు దేనికి పనికిరాదు! కానీ ఆ ప్లాస్టిక్ ఇంజను వేడికి మెత్తబడి వంపు దగ్గర చప్పిడిగా అతుక్కుపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఊదితే కొంచెం గాలి పోతుంది, వేడెక్కితే పోదు. ఆయిలుకు తట్టుకునే రబ్బరు పైపు వేసి, వాల్వు కడిగి పంపాం. సీలు ముట్టుకోలేదు. కారడం ఆగింది.

బ్రీదర్ బాగుండి, ఆయిలు మూత తీస్తే పొగ కుమ్ముకుంటూ వస్తే రింగులు అరిగాయని అర్థం. ఆయిలు గుర్తు దాటి పోసినా కారుతుంది. సమతలంగా నిలిపి, ఆపిన కాసేపటికి స్కేలు చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటేనే స్పానరు పట్టండి. ట్యాపెట్ కవర్ ఎక్కువ బిగిస్తే వంగుతుంది, గాజు పలక మీద పెట్టి చూసి, చెక్క దిమ్మె మీద మెల్లగా సరిచేయాలి. పాత ప్యాకింగు ముక్క మిగలకుండా గీకాలి. పేస్టు పలచగా చాలు. ఎక్కువ పూస్తే లోపలికి పిండి, ముక్కలై, ఆయిలు జల్లెడకు అడ్డం పడుతుంది. డ్రెయిన్ బోల్టు రాగి వాషరు గట్టిపడితే ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, మళ్లీ మెత్తబడుతుంది.

క్రాంకు సీలు మాత్రం ఓపిక పని. స్ప్రింగు ఉన్నవైపు ఆయిలు వైపుకు రావాలి. పెదవికి ఆయిలు రాయకుండా ఎక్కించొద్దు. సుత్తితో ఒకపక్కన కొడితే వంకర పడుతుంది, అదే సైజు పైపు ముక్క ఆనించి నాలుగువైపులా సమంగా దించాలి. షాఫ్టు మీద పాత సీలు గీసిన గాడి గోటికి తగిలితే, చోటుంటే కొత్తదాన్ని ఒక మిల్లీమీటరు అటో ఇటో కూర్చోబెట్టాలి. వేడి ఎక్కువ తట్టుకోవాలంటే విటాన్ సీలు అడగండి. సుమారు 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ధర ఎక్కువే, కానీ సీలు మార్చాలంటే ఫ్లైవీలు ఊడదీయాలి కదా, ఆ కూలి లెక్కేస్తే మాకు అదే చవక అనిపిస్తుంది.

రింగులు అరిగిన ఇంజనుకు సీళ్లు వేసి డబ్బు తీసుకోవడం మా షెడ్డులో లేదు. ఎంత ఖర్చవుతుందో చెప్పి, పంట డబ్బు వచ్చేదాకా ఆయిలు చూసుకుంటూ, వారానికొకసారి ఫిన్నులు కడుక్కుంటూ, తక్కువ బరువుతో నడుపుకోమంటాం. కొందరు ఆరు నెలలు అలా లాక్కొచ్చి, శనక్కాయ అమ్మినాక వస్తారు.