బండి ఆగినను బరువు ఆగదు

మన పల్లెలలో గడ్డిబండి కట్టు రైతును గమనించినవారికి ఒక సంగతి తెలియును. బరువు ముందుకు మొగ్గినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచును. అందుచేత అతడు గడ్డిని ఇరుసుకు రెండువైపుల సమముగా పేర్చి, పైన మోకు బిగించిన గాని బండిని కదల్చడు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు జీపులో దూరప్రదేశములకు పోవు యాత్రికునకు ఈ జాగ్రత్త మరింత అవసరము.

మనాలి నుండి లేహ్‌కు పోవు మార్గమునే తీసికొందము. 2020 అక్టోబరులో అటల్ సొరంగము తెరచిన పిదప రోహ్‌తాంగ్ కనుమ ఎక్కు శ్రమ తప్పినది. అయినను ఆవల గాటా లూప్స్ అను 21 మలుపులును, 5,000 మీటర్లకు పైబడిన తగ్లంగ్ లా కనుమయు ఉన్నవి. ఊళ్లు దూరదూరముగా ఉండుటచే నీరు, ఆహారము, పనిముట్లు, గుడారము వెంట ఉండవలెను. ఆదుకొనవలసిన ఈ సామానే, కట్టు తప్పినచో ప్రాణముమీదికి తెచ్చును.

ఎట్లన, గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు జీపు ఒక బండను ఢీకొని 70 సెంటీమీటర్లలో నిలిచిపోయినదనుకొందము. వెనుక 20 కిలోల నీటిడబ్బా ఉన్నది. బండి ఆగినను డబ్బా ఆగదు. దానిని ఆపుటకు దాని బరువునకు సుమారు 20 రెట్లు, అనగా 400 కిలోల బరువును మోయగల కట్టు కావలెను. కట్టు లేనిచో అది అదే వేగముతో ముందువారిపైకి వచ్చును. అది 14 మీటర్ల ఎత్తునుండి పడిన వస్తువు వేగము. నాలుగంతస్తుల మేడమీదినుండి నీటిడబ్బా పడుచుండగా క్రింద నిలుచుండువా రెవరు?

కావున బరువైనవానిని అడుగున, వెనుక సీటు వీపునకు ఆనించి పెట్టవలెను. సామాను ఆ వీపుకంటె ఎత్తుగా పేర్చినచో, పైకప్పువరకు ఇనుప జాలి అమర్చవలెను. కట్టునకు రాచెట్ పట్టీలు, అనగా మర త్రిప్పి బిగించు నవారు వంటి పట్టీలు మేలు. రబ్బరు త్రాళ్లు సాగును గనుక పనికిరావు. పట్టీలను బండి శరీరమునకు అతికిన ఇనుప కొక్కెములకే తగిలింపవలెను గాని, ప్లాస్టిక్ పిడులకు కాదు. పెట్టెల నడుమ ఖాళీలను కంబళ్లతో నింపవలెను.

బండి పైకప్పుపై తేలికవానినే ఉంచవలెను. బరువు పైకి పోయినకొలది, ఏటవాలు దారిలో బండి ఒరిగిపడు భయము హెచ్చును. పెట్రోలు డబ్బాలను మనుష్యులు కూర్చుండుచోట ఉంచరాదు. ఎత్తునకు పోయినకొలది బయటి వాయుపీడనము తగ్గుటచే డబ్బాలోని ఆవిరి ఉబ్బి, సందు దొరికిన బయటికి వచ్చును. మందులపెట్టెయు, మంటల నార్పు సిలిండరును చేతికందునట్లుండవలెను; అయినను వానికిని కట్టు తప్పదు.

గతుకుల దారిలో సామాను కుదురుకొని, పట్టీలు వదులగును. బయలుదేరిన అరగంటకు బండి ఆపి మరల బిగింపవలెను. గడ్డిబండి రైతు కూడ పొలిమేర దాటగానే దిగి, ఒకసారి మోకు తడిమి చూచుకొనును. ఆ కొద్దిపాటి ఆలస్యమునకు ఇంటివారెవరును విసుగుకొనరు. అతడు క్షేమముగా చేరుటయే వారికి కావలసినది.