తూములు చేసే గుణకారం

ఇబ్రహీంపట్నం దాటుతుంటే హైదరాబాదు రోడ్డు మీంచి కనపడే పొగగొట్టాలు నార్ల తాతారావు థర్మల్ స్టేషన్‌వి. మన నోళ్ళలో ఇప్పటికీ వీటీపీఎస్సే. అందులో పాత యూనిట్లు ఒక్కోటి 210 మెగావాట్లు. విశాఖపట్నంలో పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన ఏఐ డేటా సెంటరు లెక్కేమో గిగావాట్లలో ఉంది. ఒక గిగావాట్ కావాలంటే ఆ పాత యూనిట్లు ఐదు ఒక్కసారే తిరగాలి. "లెక్కలు చేసుకునే పెట్టెలకి అంత కరెంటెందుకు తాతయ్యా?" అని మా మనవరాలు అడిగింది. చెబితే ఒళ్ళు మండుతుందమ్మా. చిప్పులు తాగే కరెంటులో పెద్ద వాటా లెక్క చెయ్యడానికి పోదు, అంకెల్ని మొయ్యడానికి పోతుంది.

1945లో ఫాన్ నాయ్‌మన్ రాసిపెట్టిన నమూనాలో అంకెలు దాచే చోటు వేరు, లెక్క చేసే చోటు వేరు. ఆ ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ హోరోవిట్జ్ అనే ఆచార్యుడు 2014లో దీని ఖర్చు లెక్కగట్టి చూపించాడు. అప్పటి 45 నానోమీటర్ల చిప్పులో 32 బిట్ల దశాంశ సంఖ్యలు రెండింటిని గుణించడానికి 3.7 పికోజౌళ్ళు చాలు. అదే సైజు సంఖ్య ఒక్కదాన్ని బయట ఉన్న డీర్యామ్ మెమొరీ నుంచి తెచ్చుకోవాలంటే 640. నూటడెబ్భై రెట్లు!

న్యూరల్ నెట్‌వర్కు చేసే పని చూస్తే ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. దాని పనంతా దాదాపు ఒకటే: లోపలికొచ్చిన అంకెని ఒక 'వెయిట్'తో గుణించడం, వచ్చినవన్నీ కూడటం. ఇలా కోట్లసార్లు. శిక్షణ అయిపోయాక ఆ వెయిట్లు మారవు కూడా. మారని అంకెల కోసం మాటిమాటికీ మెమొరీకి పరుగెత్తడమెందుకు, అవి కూర్చున్నచోటే గుణకారం కానిచ్చేస్తే పోలా? ఇన్-మెమొరీ కంప్యూటింగ్ అంటే ఇంతే.

అంకె ఉన్నచోటే గుణకారం ఎలా అవుతుందంటావా? డెల్టాలో పుట్టినదానివి, నీకు తేలిగ్గానే అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ కింద పదమూడు లక్షల ఎకరాల ఆయకట్టు. నీళ్ళు తెచ్చేవి కాలవలు, తీసుకుపోయేవి మురుగు డ్రైన్లు. కాలవలన్నీ వరసగా పడమటి నుంచి తూర్పుకి, వాటి అడుగున డ్రైన్లన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి పోతున్నాయనుకో. కాలవా డ్రైనూ దాటుకునే ప్రతిచోటా ఒక తూము. తూము షట్టరు ఎంత ఎత్తామో అది వెయిట్. కాలవలో నీటిమట్టం లోపలికొచ్చిన అంకె. తూములోంచి దూకే నీళ్ళు ఆ రెండిటి లబ్ధం. ఒక డ్రైన్లో చేరిన నీళ్ళన్నీ కలిపితే మొత్తం. గుణించినవాడూ లేడు, కూడినవాడూ లేడు. పైగా అన్ని డ్రైన్లలోనూ ఒకేసారి!

చిప్పులో కాలవలకీ డ్రైన్లకీ బదులు అడ్డం నిలువు తీగలుంటాయి. నీటిమట్టం బదులు వోల్టేజి, షట్టరు బదులు విద్యుత్తుని ఎక్కువగానో తక్కువగానో పోనిచ్చే చిన్న పదార్థపు పొర. లబ్ధం ఓమ్ సూత్రం, కూడిక కిర్కాఫ్ సూత్రం. రెండూ పందొమ్మిదో శతాబ్దపు సరుకే. ఇరిగేషన్ ఇంజినీర్లు నన్ను పట్టుకోకముందే చెప్పేస్తాను: మట్టం రెట్టింపైతే తూము నీళ్ళు రెట్టింపు కావు, వర్గమూలం లెక్కన ఒకటిన్నర రెట్లకి కాస్త తక్కువే పెరుగుతాయి. ఓమ్ గారి కరెంటు మాత్రం నిక్కచ్చిగా రెట్టింపవుతుంది. ఇక వెయిట్లలో మైనస్‌వీ ఉంటాయి. తూములోంచి నీళ్ళు వెనక్కి ఎక్కవు కాబట్టి ప్లస్సుకో డ్రైను, మైనస్సుకో డ్రైను పెట్టి చివర్న తీసేస్తారు.

చోటు కూడా కలిసొస్తుంది. మామూలు ఎస్‌ర్యామ్ మెమొరీలో ఒక్క బిట్టు దాచడానికి ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి. ఈ పొరకి ఒక ట్రాన్సిస్టరు తోడుంటే సరిపోతుంది, అదీ షట్టరుని సగం, పావు, వీసం ఎత్తినట్టు ఒకే గడిలో చాలా మెట్లు నిలపగలదు.

మరి ఇంత బాగుంటే ఇంటింటా ఎందుకు రాలేదు? డ్రైను చివర గేజి చూసి అంకె రాసే లస్కరు కావాలి కదా, ఆయన జీతం దగ్గరొచ్చింది తంటా. కరెంటుని మళ్ళీ అంకెగా మార్చే ఏడీసీ అనే సర్క్యూటు చాలా నమూనాల్లో చోటూ కరెంటూ తూములన్నిటికన్నా తనే ఎక్కువ మింగేస్తుంది. చూసి చూసి ఒక్కో లస్కరుకి నాలుగైదు డ్రైన్లు అప్పజెబుతారు, లేదా ముతక గేజితో సరిపెట్టుకుంటారు. రెండో చిక్కు మన శివారు రైతుల గోడే. తీగకీ నిరోధం ఉంటుంది కాబట్టి తీగ పొడవైనకొద్దీ కొసనున్న గడులకి వోల్టేజి పూర్తిగా అందదు. అందుకే గడుల చదరాన్ని మరీ పెద్దది చెయ్యరు. మూడోది, ఎత్తిపెట్టిన షట్టరు రోజులు గడిచేకొద్దీ తనంతట తనే కొంచెం జరుగుతుంది.

ఇన్ని చిక్కులున్నా పని ఆగలేదు. ఐబీఎం వాళ్ళు 2023లో చూపించిన చిప్పులో 64 చదరాలు, ఒక్కో చదరంలో 256 అడ్డవరసలు, 256 నిలువువరసలు. అంటే 42 లక్షల వెయిట్లు కూర్చున్నచోటే లెక్కలోకొస్తాయి. మన పక్కనే, బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం 2024 సెప్టెంబరు 'నేచర్'లో ఇంకో అడుగు వేసింది. వాళ్ళ అణువుల పొర ఒక్క గడిలో సుమారు 16,500 మెట్లు నిలిపింది. మామూలు కంప్యూటరు గడిలో ఉండేవి రెండే, సున్నా, ఒకటి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు సమాచారంతో 'సృష్టి స్తంభాలు' అనే ఆకాశ చిత్రాన్ని బల్ల మీది కంప్యూటరుతోనే గీయించారు.

అయితే ఒకటుంది. ఈ షట్టర్లని మాటిమాటికీ కదిపితే అరిగిపోతాయి. ఒక్కసారి ఎత్తి వదిలేస్తేనే వాటికి సుఖం. కాబట్టి రోజూ వెయిట్లు దిద్దుకునే శిక్షణకి ఇవి అంతగా నప్పవు. నేర్చింది నేర్చినట్టు వాడుకునే చోట్లకి, బ్యాటరీ మీద నడిచే కెమెరాకీ చెవి మిషనుకీ, ముందు సరిపోతాయి. విశాఖ డేటా సెంటరు హాళ్ళ దాకా పోవాలంటే ముందు ఆ లస్కరు జీతం తగ్గించాలి.