బందరు గాలి

చీకటి పడ్డాక ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. మూడో పిలుపుదాకా ఆగాలి. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు, దెయ్యమైతే రెండింటికే ఊరుకుంటుంది. తెలుగునాట చాలా ఇళ్లలో చెప్పే మాటే ఇది. బందరులో మా అమ్మమ్మ మాత్రం దీనికి ఇంకో ముక్క కలిపేది: "సముద్రం వైపునుంచి వినిపిస్తే మూడోసారికీ పలక్కు నాన్నా."

బందరు కోట ఉన్నది ఆ వైపునే. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఈ రేవులో దిగి కొట్లు పెట్టారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడిచేసి ఫ్రెంచివారి నుంచి కోటను లాక్కున్నాడు. ఇంత చరిత్రా జరిగిన చోట ఇప్పుడు మిగిలినవి మందపాటి మొండిగోడలు, వాటిని చీల్చుకుని పైకొచ్చిన చెట్లు. చిన్నప్పుడు సాయంత్రం ఐదు దాటితే మేం అటు సైకిల్ తిప్పేవాళ్లం కాదు.

ఈ ఊళ్లో దెయ్యం కథ అడిగితే ముందు వినిపించే పేరు అరబెల్లా రాబిన్సన్. కంపెనీ సైన్యాధికారి జాన్ పేటర్ ప్రేమించిన అమ్మాయి. 1809లో చనిపోయింది. శ్మశానంలో చోటివ్వబోమన్నారని, ఆయనే సెయింట్ మేరీ చర్చి కట్టించి అందులో ఆమెను ఉంచాడని చెబుతారు. శవం పాడవకుండా లేపనాలు పూయించి, అద్దాల పెట్టెలో పెట్టి, చూడాలనిపించినప్పుడల్లా మీట నొక్కి పైకి రప్పించుకునేవాడట. వినే పిల్లలకు ఒళ్లు జలదరించాల్సింది అక్కడే. నాకెందుకో అప్పుడు కూడా ఆ పెట్టె పక్కన ఒంటరిగా నిలబడ్డ పేటరే కళ్లముందు మెదిలేవాడు.

అరబెల్లాకు పేరుంది, సమాధి ఉంది. డచ్చివారి సమాధుల మీద వంశచిహ్నాలు కూడా చెక్కారు. పేరున్న చావులకు కథలు త్వరగా అల్లుకుంటాయి. బందరులో పేరులేని చావులే ఎక్కువ.

1864 నవంబర్ 1. దీపావళి అమావాస్య అప్పుడే దాటింది, ఆకాశంలో వెన్నెల లేదు. ఆ రాత్రి తుపానుతోపాటు ఉప్పెన విరుచుకుపడింది. సముద్రం మైళ్ల కొద్దీ లోపలికొచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. అంతమందికి దహనాలెవరు చేస్తారు, పిండాలెవరు పెడతారు? పెట్టాల్సినవాళ్లు కూడా అదే నీళ్లలో పోయారు. కర్మ జరగని ప్రాణం తిరుగుతూనే ఉంటుందని నమ్మే జనం మధ్య, ఒక్క రాత్రిలో ఇన్ని వేల ప్రాణాలు దిక్కులేనివయ్యాయి. ఈ ఊళ్లో దెయ్యాలు లేకపోతేనే ఆశ్చర్యం.

పిల్లాడు ఉలిక్కిపడి లేచి ఏడిస్తే మనవాళ్లు దెయ్యం అనరు, "గాలి సోకింది" అంటారు. వేపమండతో దిగదుడుస్తారు, తాయెత్తు కడతారు. ఆ మాట అన్నిచోట్లా ఉన్నదే. కానీ గాలివానకు సగం ఊరు పోగొట్టుకున్నచోట అది వేరేగా వినిపిస్తుంది. ఇక్కడ చంపిందీ గాలే, చచ్చిపోయినవాళ్లు అయిందీ గాలే. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు బందరులో ముసలివాళ్లు "మళ్లీ గాలి" అనే అన్నారు. ఏ గాలో విడమరిచి చెప్పాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

కోట గోడలు ఏటేటా కొంచెం రాలుతున్నాయి. దెయ్యాల చోటని జనం దూరం జరగడం ఒక రకంగా వాటికి రక్షే అయింది. లేకపోతే ఆ ఇటుకలు ఎప్పుడో ఇళ్ల పునాదుల్లోకి వెళ్లిపోయేవి.

అమ్మమ్మ చివరి రోజుల్లో ఒకసారి మళ్లీ అడిగాను, మూడోసారికి కూడా ఎందుకు పలకకూడదని. ఈసారి చెప్పింది. ఉప్పెన నాటికి ఆవిడ నాయనమ్మ పసిపిల్ల. అందరూ మిద్దె మీదికెక్కారు. చీకట్లో నీళ్లమీంచి ఎవరో పేర్లుపెట్టి పిలుస్తూనే ఉన్నారు, రెండుసార్లు కాదు, మూడుసార్లు కాదు. గొంతు గుర్తుపట్టి నాయనమ్మ తండ్రి "వస్తున్నా" అని పలికి దిగాడు.


మిగతావాళ్లు తెల్లారేదాకా నోళ్లు మూసుకుని కూర్చున్నారట.