కుంతాల దారిలో కరోనా బ్రేక్!

బీటెక్ అయిపోయింది. ఉద్యోగంలో చేరేలోపు ఒక్క ఆఫ్‌రోడ్ ట్రిప్ కొట్టాల్సిందే అనుకున్నాం. 2020 ఏప్రిల్, నలుగురం, నాలుగు బైకులు. కరీంనగర్ నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా కుంతాల. ఎండాకాలంలో జలపాతం సన్నబడినా మట్టిదారులు గట్టిగా ఉంటాయని మా లెక్క.

మార్చిలోనే లెక్క తప్పింది. ఇండోనేసియా బృందంలో పాజిటివ్‌లు తేలడంతో కరీంనగరే పెద్ద వార్త అయింది. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటే లాక్‌డౌన్. న్యూయార్క్ జూలో పులికి కొవిడ్ అని తేలాక, ఏప్రిల్ 6న కేంద్ర పర్యావరణ శాఖ అభయారణ్యాల్లో మనుషుల రాకపోకలు తగ్గించమంది. మా దారిలోని కవ్వాల్ కూడా టైగర్ రిజర్వే కదా!

నా జాయినింగ్ వాయిదా పడింది. మాలో ఒకడికైతే ఆఫరే పోయింది. ట్రిప్ కోసం దాచిన డబ్బులన్నీ కలిపి వాడి రూమ్ అద్దె బాకీ కట్టేశాం. వాడు ఫోన్‌లోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు మొదలుపెట్టాడు.

ఇంటిముందు నా బండి కదల్లేదు. బ్యాటరీ దిగింది, చైన్ తుప్పు పట్టింది, టైర్లలో గాలి తగ్గింది. నిలిపిన బండికీ పని ఉంటుందని అప్పుడే తెలిసింది. చైన్ తుడిచి నూనె పెట్టడం, బ్యాటరీ వైరు విప్పి ఉంచడం, టైర్ల గాలి చూడటం.. రాసుకున్న ఆ నోట్సే నా తొలి బ్లాగ్ పోస్ట్.

2021 చివర్లో కుంతాల మెట్లు దిగాం. ఆరోజు పెట్రోల్‌కు మమ్మల్ని జేబులో చెయ్యి పెట్టనియ్యలే వాడు. కొత్త ఉద్యోగం, మొదటి జీతం మరి!