ఆముదం మరక వేరు, ఇంజిన్ ఆయిల్ మరక వేరు

వత్తల్‌మలై మీద నీళ్ళు 100 డిగ్రీల దాకా వేడెక్కవు. తమిళనాడులోని ధర్మపురి పట్నానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఇరవైకి పైగా హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే వచ్చే ఆ కొండ సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 97 డిగ్రీల దగ్గరే నీళ్ళు మరుగుతాయి. బండి బేరింగులకు పట్టించే లిథియం గ్రీజు కరిగి కారాలంటే 180 డిగ్రీలు కావాలి. కాఫీ తోటకు వెళ్ళొచ్చిన మనిషి ప్యాంటుకు ఆ గ్రీజు అంటితే సలసల కాగే నీళ్ళు కుమ్మరించినా కదలదు. కొండ దిగి ధర్మపురిలో ప్రయత్నించినా, తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్న హొసూరులో ప్రయత్నించినా అంతే. కొండ కింద కలిసొచ్చేది మహా అయితే ఒకటి రెండు డిగ్రీలే, తక్కువ పడుతున్నది ఎనభై.

వేణ్ణీళ్ళు, సోడా, ఎండ. మరకల విషయంలో మన ఇళ్ళలో చెప్పే మాటలు చాలావరకు ఎద్దుబండి కాలానివి. అప్పట్లో ఇరుసుకు ఆముదమే కందెన. ఆ మరక పడిన పంచెను చౌడులో తడిపి ఉబ్బ వేస్తే శుభ్రంగా వచ్చేది. దానికి కారణం ఉంది. ఆముదం, వేరుశనగ నూనె, నెయ్యి అన్నీ గ్లిజరిన్‌తో కొవ్వు ఆమ్లాలు ముడిపడిన పదార్థాలు. క్షారం, వేడి కలిసి తగిలితే ఆ ముడి విడిపోతుంది, మరకలో కొంత భాగం తానే సబ్బయి కొట్టుకుపోతుంది. ఇంజిన్ ఆయిల్‌లో ఆ ముడి లేదు. అది సుమారు 20 నుంచి 40 కార్బన్ పరమాణువులున్న హైడ్రోకార్బన్ల కలయిక. చాకలి సోడాలో రాత్రంతా నానబెట్టినా సబ్బుగా మారదు. గ్రీజులో 80 నుంచి 90 శాతం ఇదే నూనె. మిగతాది ఎక్కువగా దాన్ని చిక్కగా పట్టి ఉంచే లిథియం సబ్బు, అదీ నీళ్ళకు లొంగే రకం కాదు.

నూనె పాతబడేకొద్దీ ఇంకో చిక్కు. హొసూరు నుంచి 1980లో వచ్చిన టీవీఎస్ 50 రెండు స్ట్రోకుల బండి. నూనె పెట్రోలుతో కలిసి లోపలే కాలిపోయేది. ఇప్పటి నాలుగు స్ట్రోకుల బండ్లలో 800 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా నూనె ఇంజిన్ అడుగున నిలవ ఉండి, తిరిగి తిరిగి మసి పట్టి నల్లబడుతుంది. కాబట్టి చొక్కా మీద పడే పాత ఆయిల్ ఒక మరక కాదు, రెండు. నూనె వదిలాక కూడా మైక్రాన్ కంటే చిన్నవైన మసి రేణువులు నూలు పోగుల్లో ఇరుక్కుని బూడిదరంగు మచ్చగా మిగులుతాయి. మొదటి ఉతుకుకే తెల్లబడలేదని బ్లీచు పోసేవాళ్ళున్నారు. బ్లీచుకు మసి లొంగదు, బట్ట రంగు మాత్రం పోతుంది.

బట్ట మీద పనిచేసేది గాఢత. బకెట్‌లో 15 లీటర్ల నీళ్ళకు 30 గ్రాముల సబ్బుపొడి వేస్తే లీటరుకు 2 గ్రాములు. అందులో మరకను పట్టే అసలు పదార్థం ఇంకా తక్కువ. అదే గిన్నెలు తోమే ద్రవాన్ని ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, నీళ్ళు తగలకముందే పొడి మరక మీద పోస్తే గాఢత వందల రెట్లు పెరుగుతుంది. ముందు గ్రీజును మొండి కత్తితోనో పాత ఏటీఎం కార్డు అంచుతోనో గీకి తీయాలి. మరక కింద పాత గుడ్డ మడత పెట్టి, బట్టను తిరగేసి, వెనకవైపు నుంచి ద్రవం పోసి బొటనవేలితో నొక్కాలి. రుద్దితే మరక వెడల్పవుతుంది, నొక్కితే కింది గుడ్డలోకి దిగుతుంది. కింది గుడ్డ మీద గోధుమరంగు వలయం కనబడగానే మడత మార్చాలి. ఇలా మూడు నాలుగు మడతలు మారాక పావుగంట ఆగి, గోరువెచ్చని నీళ్ళలో జాడించాలి. మరక నీడ పోయేదాకా ఇస్త్రీ పెట్టొద్దు. వేడికి మిగిలిన నూనె పోగులోకి ఇంకా లోతుగా పోతుంది.

నూనెను నూనెతోనే కరిగించాలన్న మెకానిక్కుల సూత్రం నిజమే. అందుకే కిరసనాయిలు పనిచేస్తుంది. కానీ కిరసనాయిలు ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత 38 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, ధర్మపురి ఎండల్లో అది మామూలు పగటి వేడి. పెట్రోలుకైతే సున్నాకు 40 డిగ్రీలు కిందే. ముదిరిన గ్రీజుకు ఆరుబయట, పొయ్యికి దూరంగా ఒక చెంచా కిరసనాయిలు వరకు ఒప్పుకుంటాను. పెట్రోలు అసలు వద్దు. చేతులకు రెండూ వద్దు. కొబ్బరినూనెలో చారెడు పంచదార కలిపి రుద్దుకుని, ఆపైన కుంకుడు రసంతో కడుక్కుంటే సరిపోతుంది. కుంకుడు తొక్కలో సుమారు పదో వంతు సాపోనిన్లే, చర్మానికి ఆ బలం చాలు. సరిగా శుద్ధి చేయని ఖనిజ నూనెలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గం క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. వాడిన ఆయిల్‌ను రోజూ చేతులకు పూసుకునే షెడ్డు కుర్రాళ్ళకు గ్లవ్స్ కొనిపెట్టడం యజమాని బాధ్యత.

సిమెంటు వాకిలి సంగతి వేరు. సిమెంటులో కంటికి కనబడని రంధ్రాలుంటాయి, నూనె పైన ఆగదు. ఘాట్ ఎక్కే బండి ఎక్కువసేపు చిన్న గేర్‌లో తిరిగి బాగా వేడెక్కుతుంది. 40 డిగ్రీల దగ్గరున్న నూనె 100 డిగ్రీలకు చేరేసరికి ఆరేడు రెట్లు పలచబడి, అరిగిన వాషరు సందులోంచి కారుతుంది. పది నిమిషాలకు ఒక చుక్క చొప్పున వేసుకున్నా రోజుకు 144 చుక్కలు, దాదాపు 5 మిల్లీలీటర్లు. నెలకు 150. అయిదు నెలల్లో బండిలో పోసిన నూనె మొత్తానికి దగ్గరగా వాకిట్లోకి వచ్చేస్తుంది. మరక తుడవడం కన్నా ముందు మార్చాల్సింది కొన్ని రూపాయల వాషరు.

కొత్తగా పడిన చుక్క మీద నీళ్ళు పోయకూడదు. రంపపు పొట్టో, ఊకో, కొండమీదైతే సామల పొట్టో మందంగా చల్లి, చెప్పు కాలితో తొక్కి, గంట తర్వాత ఊడ్చాలి. పాత మరకకు చాకలి సోడా, గిన్నెల ద్రవం, మెత్తని పొట్టు కలిపి ముద్దచేసి వేలు మందాన పట్టించాలి. సోడా ఇక్కడ నూనెను సబ్బు చేయదు, నీటి కాఠిన్యాన్ని తగ్గించి డిటర్జెంటుకు దారిస్తుంది. నురగ రాని బోరునీళ్ళ ఊళ్ళలో ఆ సాయం పెద్దదే. పైన ప్లాస్టిక్ షీటు కప్పి రాత్రంతా ఉంచి, పొద్దున తీసి ఆరనివ్వాలి. ఆరుతున్న ముద్ద రంధ్రాల్లోని నూనెను పైకి లాగుతుంది. నల్లటి ముద్దను గీకి పారేసి మళ్ళీ పట్టించాలి. పాతబడ్డ మరకకు రెండు మూడు విడతలు తప్పవు. బాత్రూములో వాడే యాసిడ్ మాత్రం పోయొద్దు. అది సిమెంటును తింటుంది, నూనెను ముట్టుకోదు.

కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయన్నది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టే విషయం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఖనిజ నూనె 0.5 మిల్లీగ్రాములు మించకూడదు. లీటరు ఇంజిన్ ఆయిల్ బరువు సుమారు 870 గ్రాములు. భాగించి చూడండి: ఒక బండిలోంచి తీసిన నూనె 17 లక్షల 40 వేల లీటర్ల నీటిని ఆ గీత దాకా తెస్తుంది. ధర్మపురి జిల్లా భూగర్భజలంలో ఇప్పటికే ఫ్లోరైడ్ ఉంది. ఆ బాధకే హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్ళు గొట్టాల్లో తెచ్చారు, 2013లో పథకం మొదలైంది. అలాంటి నేలలోకి ఆయిల్ వదలడం అన్యాయం. కంచె గుంజలకు చెదలు పట్టకుండా పాత ఆయిల్ పూసే అలవాటూ అదే దారి, మొదటి వానకు కొంత మట్టిలోకి దిగుతుంది.

వాడిన ఆయిల్‌ను 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు చెత్తగా పారబోయనివ్వవు. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టారు. ఇంటివాళ్ళు చేయాల్సింది చిన్నదే. తీసిన నూనెను కొత్త నూనె వచ్చిన డబ్బాలోనే పోసి మూత బిగించి, పీపా పెట్టుకుని పోగుచేసే సర్వీస్ సెంటరుకు ఇవ్వాలి. అందులో నీళ్ళు, కిరసనాయిలు, పెయింటు కలపొద్దు, కలిస్తే శుద్ధి చేయడం కష్టమవుతుంది. నూనె పీల్చిన పొట్టును పొయ్యిలోనో పెంటకుప్పలోనో వేయకుండా, కవరులో కట్టి, ప్రమాదకర చెత్త అని చెప్పి విడిగా అప్పగించాలి.