తల కొలత, బరువు గీత

మనిషి బొమ్మ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు చాలామంది "నా చెయ్యి తిరగదండీ" అంటారు. నాలుగు అక్షరాలు కుదురుగా రాయగల చెయ్యి బొమ్మకూ చాలు. ఇబ్బందల్లా చూపుతోనే.

ఎదుటి మనిషిలో మన మెదడు వెతికేది కళ్లు, ముక్కు, నోరు. నుదురూ మాడూ దానికి అంతగా పట్టవు. అందుకే కొత్తగా గీసేవాళ్లు కళ్లను తల పైభాగానికి ఎక్కించేస్తారు. అద్దం ముందు స్కేలు పెట్టి చూడండి: మాడుకూ గడ్డానికీ దాదాపు సగంలో ఉంటాయి కళ్లు.

ఈ తల పొడవే ఒంటికంతటికీ కొలబద్ద. ఎదిగిన మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. అప్పుడే పుట్టిన బిడ్డకు తలే ఒంటి పొడవులో నాలుగో వంతు. మెదడు ముందు ఎదుగుతుంది, కాళ్లు తర్వాత సాగుతాయి. పసివాణ్ణి గీస్తే పొట్టి పెద్దమనిషి వచ్చాడంటే తల చిన్నదైందన్నమాట. మన శిల్పులు ముఖం పొడవును తాళం అన్నారు. తాళానికి 12 అంగుళాలు, నవతాళ విగ్రహానికి 108. ఇది టేపు మీది అంగుళం కాదు, విగ్రహం ఎత్తును బట్టి మారే భాగం. జానెడు బొమ్మకైనా నిలువెత్తు విగ్రహానికైనా ఒకే లెక్క నడిచేది అందుకే.

కొలతలన్నీ కుదిరినా బొమ్మ పడిపోతున్నట్టు కనిపించవచ్చు. నా దృష్టిలో అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది.

ఉయ్యూరు బస్టాండులో బెజవాడ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లను గమనించండి. చాలాసేపు నిలబడినవాళ్లు బరువంతా ఒక కాలిమీద వేస్తారు. ఆ వైపు తుంటి ఎగుస్తుంది, అదే వైపు భుజం దిగుతుంది, మధ్యలో వెన్ను వంగుతుంది. గొంతు గుంట నుంచి నేలకు నిలువుగీత ఊహించుకుంటే, అది బరువు మోసే పాదం దగ్గరికి చేరుతుంది. నిలబడ్డ మనిషి గురుత్వకేంద్రం బొడ్డుకు కాస్త దిగువన ఉంటుంది. అక్కడి నుంచి దించిన గీత పాదాలు ఆక్రమించిన జాగా దాటితే మనిషి తూలుతాడు. కుడిచేతిలో బరువైన సంచి ఉంటే ఒళ్లు ఎడమకు ఒరిగేది ఆ గీతను కాపాడుకోవడానికే. కాబట్టి ముందు తుంటి వాలు, భుజాల వాలు, నిలువుగీత: ఈ మూడూ అర నిమిషంలో వేసేయండి. చొక్కా గుండీలకు తొందరేం లేదు.

బందరు రోడ్డున పామర్రు దాకా పోయి చల్లపల్లి వైపు తిరిగితే కూచిపూడి. ఒంటి తూకం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆ ఊరి నాట్యం పెద్ద నిధి. అరమండి అనే భంగిమలో మోకాళ్లు పక్కలకు వంగుతాయి, వెన్ను నిటారుగా ఉంటుంది. గురుత్వకేంద్రం కిందికి దిగడంతో నిలకడ పెరుగుతుంది. తరంగం అనే నృత్యాంశంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలిచిన పాదాలకు దొరికే ఆధారం బాగా తక్కువ. అక్కడ నిలువుగీత ఏమాత్రం తప్పినా కుదరదు.

అరమండిని పక్కనుంచి గీస్తే ఒక చిక్కుంది. మోకాలు మనవైపు రావడంతో తొడ పొట్టిగా కనిపిస్తుంది. తొడ పొడవైనదని మనకు ముందే తెలుసు కనుక చెయ్యి దాన్ని సాగదీస్తుంది. చెయ్యి బారుగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలితో తల పొడవు గుర్తు పెట్టుకోండి. తొడను దానితో కొలిచి, వచ్చినంతే గీయండి.