వాదమున ఆవేశమునకు తావున్నదా?

ఆవేశము వాదమునకు శత్రువని పలువురి తలంపు. వ్యాసభారతమందలి ద్యూతసభ ఈ తలంపును తిరిగి విచారింపజేయును.

ఆ సభలో ద్రౌపది దుఃఖించినది, కోపించినది. కాని ఆమె వేసిన ప్రశ్న శుద్ధ తర్కము: మున్ను తన్ను తానోడిన భర్తకు పిదప భార్యను పణముగా ఒడ్డు అధికారము కలదా? కన్నీటిని తీసివేసి చూచినను ఆ ప్రశ్న నిలుచును. వికర్ణుడు దానినే హేతువులతో సమర్థించినాడు. కర్ణుడు కొంత హేతువు చెప్పినను, తుదకు ఆమె శీలమును దూషించుటకు దిగినాడు. ఆ ఆవేశము ఎంత తీవ్రమైనను ప్రశ్నకు సమాధానము కాజాలదు.

కావున వాదమందలి ఆవేశమును మూడు విధముల పరీక్షింపవలెను. దానికి మూలమైన సంగతి సత్యమా? ఆ సంగతి చర్చనీయాంశమునకు సంబంధించినదా? ఆవేశము ఆ సంగతి తీవ్రతకు తగిన పాళ్లలో ఉన్నదా? ఈ మూడింట నిలిచిన ఆవేశము వాదమునకు దోషము కాదు, బలము.

అట్లని ఆవేశము లేకుండుటయే వివేకమనుకొనరాదు. ధర్మము సూక్ష్మమని పలికి భీష్ముడు తీర్పు దాటవేసినాడు. పెద్దలు పలువురు మౌనము వహించిరి. ఆ నిబ్బరము అన్యాయమునకే తోడ్పడినది. పణము చెల్లునా చెల్లదా అన్నది తర్కము తేల్చవలసిన విషయము. అచట జరుగుచున్నది ఎంత ఘోరమో సభకు తెలిపినది మాత్రము ద్రౌపది దుఃఖమే. దానిని వినజాలని సభ తర్కమును సయితము సరిగా వినలేకపోయినది.